ఉగ్గాని కొట్టుకు ఫ్రాంచైజీ: సంతకానికి ముందు చూడాల్సిన లెక్క

పోయిన ఆదివారం మీటింగులో సగంలో ఆగిపోయిన మాట ఇది. టీ వచ్చింది, తర్వాత దసరా చందాల గొడవ వచ్చింది, అసలు విషయం పక్కకి పోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగు అవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి. నేను చదువుకున్నది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. అంకెల్లో తప్పులుంటే మాత్రం వదలొద్దు, అడగండి.

మన సభ్యుడి అబ్బాయి ఒకడు సిరవారలో ఉగ్గాని బజ్జి కొట్టు నడుపుతున్నాడని మీకు తెలుసు. పేరు రాయను. రాయకపోయినా ఎవరో మీకు తెలుస్తుంది, పొద్దున ఏడుకి అక్కడ నిలబడనివాళ్ళు మనలో తక్కువ. రోజుకు ఆరు వేల దాకా అమ్ముతాడు. పోయిన నెల నా దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. "బాబాయ్, రెండు చోట్ల ఫ్రాంచైజీ ఇస్తున్నా. ఒకటి సింధనూరు దగ్గర క్యాంపులో, ఒకటి ఆదోనిలో మా పిన్ని కొడుక్కి. ఒక్కొక్కరు రెండు లక్షలు కట్టాలి, అన్నీ కలిపి. నెలనెలా అమ్మకంలో ఐదు శాతం రాయల్టీ. మీరొకసారి చూడండి" అన్నాడు.

చూశాను. బోర్డు రంగు, ఏప్రాన్ రంగు, బజ్జి సైజు, మిరపకాయ ఎక్కడ కొనాలి, అన్నీ ఉన్నాయి. పన్ను గురించి ఉన్నవి ఆ రెండు మాటలే: "అన్నీ కలిపి". నా అభిప్రాయంలో ఆ కాగితంలో అన్నిటికంటే ఖరీదైన మాటలు అవే.

ఎందుకో చెప్తా. పేరు వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవడం జీఎస్టీలో సేవ కిందికి వస్తుంది. దాని మీద 18 శాతం. బజ్జి మీద 5, పేరు మీద 18. 2025 సెప్టెంబరు 22న స్లాబులు మార్చి చాలా వస్తువులు 5 శాతానికి దించారు, మిక్చరు, ఖారా లాంటివి కూడా దిగాయి. పేరు మాత్రం దిగలేదు, 18లోనే ఉంది. "అన్నీ కలిపి రెండు లక్షలు" అని రాస్తే ఆ రెండు లక్షల్లోనే పన్ను ఉన్నట్టు. రెండు లక్షలను 118తో భాగించి 18తో గుణించండి, 30,508 రూపాయలు. అంత సర్కారుకు కట్టాలి. రెండు ఫ్రాంచైజీలకు 61 వేల పైచిలుకు. "రెండు లక్షలు, జీఎస్టీ అదనం" అని రాసుంటే ఆ భారం ఎదుటివాడిది. ఎవరు మోయాలన్నది వాళ్ళిద్దరి బేరం, నేను కాదనను. బేరమే ఆడకుండా ఒకడి నెత్తిన పడటం గురించే నా బాధ.

రైల్వేలో పనిచేసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. పార్సెల్ బుకింగులో తూకమో రేటో తక్కువ వేసి వసూలు చేశామనుకోండి. ఆ రోజు ఎవరూ ఏమీ అనరు. ఎన్నో నెలల తర్వాత ట్రాఫిక్ అకౌంట్స్ నుంచి ఎర్రర్ షీట్ వస్తుంది. అండర్‌ఛార్జ్ ఇంత, స్టేషన్ మీద డెబిట్ ఇంత. పార్సెల్ తీసుకెళ్ళిన వ్యాపారి ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? బుక్ చేసిన గుమాస్తా జీతంలోంచి పోతుంది. నాకు రెండుసార్లు పోయింది. ఒకటి నా తప్పే, ఒప్పుకుంటా. రెండోది నా తప్పు కాదు, అయినా పోయింది. జీఎస్టీ నోటీసు కూడా అదే జాతి. తేడా ఒకటే, మాకు వడ్డీ వేసేవాళ్ళు కాదు. ఇక్కడ ఏడాదికి 18 శాతం వడ్డీ వేస్తారు, ఆ పైన జరిమానా.

"చిన్న కొట్లకి ఇవన్నీ ఎందుకండీ, మన దాకా ఎవడొస్తాడు" అని మీటింగులో ఒక పెద్దాయన అన్నారు. ఆయనంటే నాకు గౌరవమే. కానీ 2025 జులైలో ఏం జరిగిందో మనమంతా చూశాం. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తెప్పించుకుని, నాలుగేళ్ళ వెనక నుంచి చూసి, బేకరీలకు, టీ కొట్లకు, కూరగాయలవాళ్ళకు కూడా నోటీసులు పంపింది. హావేరిలో కూరగాయలమ్మే అతనికి 29 లక్షల నోటీసు వచ్చిందని పేపర్లన్నీ రాశాయి. బెంగళూరులో కొట్లముందు "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని అట్టముక్కలు వేలాడాయి. చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య గారు పాత బకాయిలు వసూలు చేయం, కానీ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి అన్నారు. మన పెద్దాయన ఆ మొదటి సగమే విన్నారు.

లెక్క చూడండి. సరుకు అమ్మేవాళ్ళకి కర్ణాటకలో ఏడాదికి 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్. సేవ అయితే 20 లక్షలు. వండి వడ్డించే కొట్టు సేవ కిందికి వస్తుంది, సరుకు కిందికి కాదు. రోజుకు 5,500 అమ్మితే ఏడాదికి 20 లక్షలు దాటిపోతుంది. 5,500 అంటే పెద్ద హోటలేం కాదు, బస్టాండు దగ్గర ఓ మాదిరి టిఫిన్ కొట్టు.

మన అబ్బాయి మంచివాడు, రిజిస్టర్ చేసుకున్నాడు. కాంపొజిషన్‌లో ఉన్నాడు. తెలియనివాళ్ళ కోసం: ఏడాదికి కోటిన్నర లోపు ఉన్న చిన్న హోటళ్ళు అమ్మకం మీద 5 శాతం తమ జేబులోంచి కట్టేస్తే, మూడు నెలలకోసారి కట్టుబడి, ఏడాదికోసారి రిటర్ను. బిల్లులో పన్ను వేసి గిరాకీ దగ్గర తీసుకోకూడదు. తలనొప్పి తక్కువ, అందుకని అందరూ అందులోకి వెళ్తారు.

ఇక్కడే ఫ్రాంచైజీ తన్నేది. కాంపొజిషన్‌లో ఉన్న హోటలువాడు హోటలు సేవ కాకుండా వేరే సేవ చేయొచ్చు, కానీ దానికి హద్దుంది. పోయిన ఏడాది టర్నోవర్‌లో పది శాతం, లేదా ఐదు లక్షలు, ఏది ఎక్కువైతే అది. ఇతని టర్నోవర్ సుమారు 22 లక్షలు, పది శాతం రెండు లక్షల చిల్లర. కాబట్టి హద్దు ఐదు లక్షలు. ఇప్పుడు ఇతని ప్లాను చూడండి. రెండు ఫీజులు నాలుగు లక్షలు. ఒక్కో కొట్టు నెలకు 2 లక్షల 40 వేలు అమ్ముతుందని అతనే అంచనా వేశాడు, అందులో ఐదు శాతం 12 వేలు, ఏడాదికి 1,44,000. రెండు కొట్లకు 2,88,000. మొత్తం 6,88,000. మొదటి ఏడే హద్దు దాటిపోయాడు.

అదొక్కటే అయితే సరే, ఒక ఫ్రాంచైజీ వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోమనొచ్చు. కానీ ఆదోని ఉంది. ఆదోని ఆంధ్రప్రదేశ్. కాంపొజిషన్‌లో ఉన్నవాడు రాష్ట్రం దాటి సరుకు గానీ సేవ గానీ ఇవ్వకూడదు. మొదట్లో ఈ నిషేధం సరుకుకే ఉండేది, తర్వాత 2020 ఫైనాన్స్ చట్టంతో సేవలను కూడా చేర్చారు. ఆదోని తమ్ముడికి వేసే మొదటి రాయల్టీ బిల్లుతోనే ఇతని కాంపొజిషన్ పోతుంది. పన్నెండు వేల బిల్లు చాలు.

మనది సరిహద్దు బతుకు. రాయచూరు నుంచి బండెక్కితే బెంగళూరు కంటే ముందు మంత్రాలయం, ఆదోని, గుంతకల్లు వస్తాయి. ఇటు కృష్ణ దాటితే తెలంగాణ. మన పిల్లనిచ్చేది అక్కడ, తెచ్చుకునేది అక్కడ. 1871లో బొంబాయి వైపు రైలు, మద్రాసు వైపు రైలు కలిసింది రాయచూరులోనే. అప్పటి నుంచి మనకి ఆ లైనే ఊరు. కానీ జీఎస్టీకి రాష్ట్రం హద్దే హద్దు. వ్యాపారం పెంచుదామనుకునే మన పిల్లలకి మొదట గుర్తొచ్చే ఊరు ఎప్పుడూ హద్దు అవతలే ఉంటుంది, అందుకే ఈ విషయం బెంగళూరువాళ్ళకంటే మనకి ఎక్కువ తెలిసుండాలి.

కాంపొజిషన్ పోతే కొంప మునిగిందా? లేదు. మామూలు పద్ధతిలో కూడా హోటలుకి 5 శాతమే, పైగా అది బిల్లులో వేసి గిరాకీ దగ్గర తీసుకోవచ్చు. ఉగ్గాని ప్లేటు మీద పన్ను వేస్తే సిరవారలో ఎవరు ఊరుకుంటారన్నది వేరే ప్రశ్న. కానీ దాంతోపాటు ఇంకొకటి వస్తుంది. 2024 అక్టోబరు 10 నుంచి, జీఎస్టీ లేని ఇంటివాళ్ళ దగ్గర కొట్టు అద్దెకు తీసుకున్న రిజిస్టర్డ్ వ్యాపారి, ఆ అద్దె మీద 18 శాతం తనే కట్టాలి. కాంపొజిషన్ వాళ్ళకి దీన్నుంచి తర్వాత మినహాయింపు ఇచ్చారు. ఇతని అద్దె పది వేలు. కాంపొజిషన్ పోయిన నెల నుంచి 1,800, ఏడాదికి 21,600. కొట్టు అదే, యజమాని అదే, అద్దె అదే. ఆదోనికి ఒక బిల్లు వేసినందుకు ఇది.

ఇప్పుడు ఫ్రాంచైజీ తీసుకునేవాడి వైపు కూర్చుందాం. నాకు అసలు జాలి వీళ్ళ మీదే. క్యాంపు రైతు ధాన్యం అమ్మిన డబ్బుతో వస్తున్నాడు. మన తాతలు తుంగభద్ర ఎడమ కాలువ కింద నల్లరేగడి కొనుక్కుని గుడిసెలేసుకున్నారు, వాళ్ళ మనవలు బోర్డు కొనుక్కుంటున్నారు. తప్పేం లేదు, ఆయకట్టు చివర నీళ్ళ సంగతి మనకి తెలియంది కాదు.

ఆయన నెలకు 12 వేల రాయల్టీ కడితే పైన 2,160 జీఎస్టీ. ఏడాదికి 25,920. మామూలు వ్యాపారంలో అయితే కట్టిన పన్నును అమ్మకం పన్నులో తగ్గించుకుంటారు, ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. హోటలుకు ఆ సౌకర్యం లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఉండేది, అప్పుడు హోటళ్ళకి ఏసీ లేకపోతే 12, ఉంటే 18 శాతం. ఆ క్రెడిట్ లాభాన్ని గిరాకీకి ఇవ్వడం లేదని ఆ నవంబరులో గువాహటిలో కౌన్సిల్ కూర్చుని రేటు 5కి దించింది, క్రెడిట్ తీసేసింది. నవంబరు 15 నుంచి అదే నడుస్తోంది. అందువల్ల హోటలు ఫ్రాంచైజీలో రాయల్టీ మీద 18, ఫీజు మీద 18, పొయ్యి, గ్రైండరు, ఫ్రిజ్ మీద కట్టిన పన్ను, అన్నీ ఖర్చులోకే. ఎక్కడా తిరిగి రావు. ఐదు శాతం రాయల్టీ అని చెప్పుకుంటారు గానీ, తీసుకునేవాడికి అది 5.9 శాతం.

స్వీటు షాపుకు ఇలా ఉండదు. మిఠాయి కట్టి అమ్మితే సరుకు, క్రెడిట్ ఉంటుంది. అదే మిఠాయి ప్లేట్లో పెట్టి, పక్కన కుర్చీ వేస్తే మళ్ళీ గొడవ.

దీని మీద నా అభిప్రాయం గట్టిగానే ఉంది. పెద్ద కంపెనీలు క్రెడిట్ మింగాయని క్రెడిట్ తీసేయడం, ఒకడు టికెట్ లేకుండా ఎక్కాడని బోగీ అంతటికీ జరిమానా వేసినట్టు ఉంది. క్రెడిట్ కావాలన్న హోటలుకు ఎక్కువ రేటుతో క్రెడిట్, వద్దన్నవాడికి 5 శాతం, ఎంచుకునే వీలు ఇవ్వాలి. అది కష్టమంటే, కోటిన్నర లోపు కొట్లు కట్టే రాయల్టీకైనా రేటు తగ్గించాలి. సంఘం తరఫున ఒక వినతిపత్రం రాద్దామని మళ్ళీ అడుగుతున్నా. మూడోసారి అడుగుతున్నా.

ఇక ఆదాయపు పన్ను. మనవాళ్ళు భయపడేది దీనికే, నిజానికి చిన్నవాడికి ఇక్కడ భయం తక్కువ. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటుతో పన్ను సున్నా. క్యాంపు కొట్టు ఏడాదికి 28 లక్షల 80 వేలు అమ్మితే, ఉజ్జాయింపు పద్ధతిలో నగదు అమ్మకం మీద 8 శాతం, యూపీఐ మీద 6 శాతం లాభమని చూపించొచ్చు. అంతా 8 అనుకున్నా 2,30,400. పన్ను లేదు. కానీ ఆ పద్ధతి తీసుకుంటే రాయల్టీ, ఫీజు, తరుగుదల అన్నీ అందులో కలిసిపోయినట్టే, విడిగా అడగకూడదు.

పుస్తకాలు రాసేవాడికి ఇంకో సంగతి. రెండు లక్షల ఫీజు, పైన 36 వేలు జీఎస్టీ, మొత్తం 2,36,000 ఒకే ఏడాది ఖర్చు రాసుకోవడానికి లేదు. ఫ్రాంచైజీ హక్కును చట్టం ఆస్తిగా చూస్తుంది, ఏడాదికి 25 శాతం చొప్పున మిగిలినదాని మీద తరుగుదల. మొదటి ఏడు 59,000, రెండో ఏడు 44,250, అలా. అగ్రిమెంటు ఐదేళ్ళు. ఐదేళ్ళు అయ్యేసరికి పుస్తకంలో ఇంకా 56 వేలు మిగిలే ఉంటుంది. బోర్డు దించేశాక కూడా. అమెరికాలో ఉన్న మన పిల్లలు చాలామంది అక్కడ సాండ్‌విచ్ షాపులు తీసుకున్నారు కదా, అక్కడ ఆ ఫీజును పదిహేనేళ్ళ మీద సమానంగా రాసుకోవాలి. అంతకంటే మనదే నయం. కానీ అక్కడ ఒక మంచి సంగతుంది. ఫ్రాంచైజీ ఇచ్చేవాడు తన లెక్కలు, కేసులు, ఫీజులు అన్నీ రాసిన పత్రం సంతకానికి 14 రోజుల ముందే చేతిలో పెట్టాలి. మనకి ఫ్రాంచైజీకంటూ ప్రత్యేక చట్టమే లేదు. బ్రోచరు ఉంటుంది, అందులో నవ్వుతున్న కుటుంబం ఫోటో ఉంటుంది.

ఆ ఫీజును నగదుగా ఇవ్వొద్దని మాత్రం చేతులు జోడించి చెప్తున్నా. ఆస్తి కోసం ఒక రోజులో ఒకరికి పది వేలకు మించి నగదు ఇస్తే ఆ మొత్తం ఆస్తి ఖరీదులోకే రాదు, తరుగుదల పోయింది. తీసుకునేవాడు రెండు లక్షలు నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ధాన్యం డబ్బు కట్టలుగా ఇంట్లో ఉంది కదా అని ఇచ్చేస్తారు, అందుకే చెప్పడం.

టీడీఎస్ గురించి ఒక మాట. ఫ్రాంచైజీ తీసుకున్నది ఒక మనిషి పేరు మీద అయితే, పోయిన ఏడాది వ్యాపారం కోటి దాటకపోతే రాయల్టీలో టీడీఎస్ కోసే పని లేదు. అదే అన్నదమ్ములు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టారనుకోండి, మొదటి రోజు నుంచే బాధ్యత. ఏడాదికి 50 వేలు దాటిన రాయల్టీలో 10 శాతం కోసి కట్టాలి. కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతం ఒప్పుకోరు. పైగా ఫర్మ్‌కి 12 లక్షల సున్నా లేదు, మొదటి రూపాయి లాభం నుంచి 30 శాతం. పని చేసే భాగస్తులకు జీతం రాసి తగ్గించుకోవచ్చు, దానికీ హద్దుంది, దాని మీదా 2025 ఏప్రిల్ నుంచి టీడీఎస్ వచ్చింది. "ఫర్మ్ పెడితే గౌరవంగా ఉంటుంది" అని ఒక ఆడిటర్ గుమాస్తా చెప్పాడట మనవాళ్ళకి. గౌరవానికి 30 శాతం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం పోయి కొత్త చట్టం, సెక్షన్ నంబర్లన్నీ మారతాయి, అందుకే ఇక్కడ నంబర్లు రాయలేదు. సంతకం పెట్టే ఏడాది రేట్లు ఆడిటర్‌ని అడిగి సరిచూసుకోండి.

భార్య పేరు మీద రెండో కొట్టు పెట్టి, బోర్డు మాత్రం ఉచితంగా వాడుకుంటే రెండూ 20 లక్షల లోపు ఉంటాయి కదా అని ఒకాయన చెవిలో అడిగారు. భార్య, పిల్లలు జీఎస్టీలో సంబంధీకులు. వ్యాపారంలో వాళ్ళకి ఉచితంగా ఇచ్చినా ఇచ్చినట్టే లెక్క, విలువ కట్టి పన్ను అడగొచ్చు. చెవిలో అడిగినా జవాబు ఇదే.

"రాయల్టీ లేదు" అని చెప్పే కంపెనీలున్నాయి. టీ ఫ్రాంచైజీలు మన తెలుగువాళ్ళు బాగా నడిపారు, టీ టైమ్ పెట్టిన తంగెళ్ళ ఉదయ్ శ్రీనివాస్ గారు 2024లో కాకినాడ ఎంపీ కూడా అయ్యారు. ఆ వ్యాపారాన్ని తక్కువ చేయడం లేదు. ఏ కంపెనీ అయినా రాయల్టీ వద్దంటే, మరి దానికి డబ్బు ఎక్కడ నుంచి వస్తోందో అడగండి. సాధారణంగా వాళ్ళ దగ్గరే కొనాల్సిన పొడిలో, మసాలాలో ఉంటుంది. అందులో ఒక న్యాయమైన సౌకర్యం కూడా ఉంది: టీ పొడి మీద 5 శాతమే, పేరు మీద 18. మన అబ్బాయికి కూడా నేను ఇదే చెప్పా. నీ బజ్జి కారం, నీ పొడి నిజంగా నువ్వే తయారు చేసి ఇస్తున్నావు కదా, దాని మీద న్యాయమైన లాభం వేసుకో, రాయల్టీ తగ్గించు. పది రూపాయల పొడికి వంద బిల్లు వేసి రాయల్టీని దాచావో, అది నీ తెలివి కాదు, ఆఫీసరు పని సులువు చేయడం.

అసలు నేనైతే ఇప్పుడే ఫ్రాంచైజీ వద్దంటా. సింధనూరులో సొంత బ్రాంచి పెట్టు. ఒకే రాష్ట్రం, అదే జీఎస్టీ నంబరులో ఇంకో చోటు చేర్చితే చాలు, ఇక్కడి నుంచి అక్కడికి పంపే పొడికి పన్ను లేదు, కాంపొజిషన్ నిలుస్తుంది. క్యాంపు రైతుని జీతమో లాభంలో వాటానో ఇచ్చి కూర్చోబెట్టు. ఈలోగా బోర్డు పేరు ట్రేడ్‌మార్కు చేయించు, చిన్న వ్యాపారికి ఆన్‌లైన్లో ఒక తరగతికి 4,500 ఫీజు. రిజిస్టర్ కాని పేరుకు రెండు లక్షలు అడగడం నాకు ఇబ్బందిగా ఉంది. ఆదోని తర్వాత చూడొచ్చు. అక్కడ సొంత బ్రాంచి అయినా ఆంధ్రాలో వేరే రిజిస్ట్రేషన్ కావాలి, పొడి డబ్బా పంపినా పన్ను బిల్లే.

అబ్బాయికి నచ్చలేదు. "బ్రాంచి అంటే పెట్టుబడి నాది బాబాయ్, ఫ్రాంచైజీ అంటే వాళ్ళది" అన్నాడు. అదీ నిజమే. ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బ్యాంకు అప్పు వడ్డీని ఈ పన్నులతో పోల్చి ఒక కాగితం వేస్తున్నాం ఇద్దరం. కాగితంలో "అన్నీ కలిపి" కొట్టేసి "జీఎస్టీ అదనం" అని రాశాడు, ఆదోని తమ్ముడు ఫోన్లో అరగంట అరిచాడట. సంతకాలు ఇంకా కాలేదు. వచ్చే ఆదివారం మీటింగుకి ఆ ఇద్దరినీ రమ్మన్నాను. మన సభ్యుల్లో బ్యాంకులో పనిచేసినవాళ్ళు ఒకరైనా వస్తే బాగుంటుంది. చందాల విషయం ఆ రోజు ఎత్తొద్దని మనవి.